గిన్నె మీది పేరు

ఆరవ తరగతిలో పిల్లలు ఎక్కువ, చరిత్ర పుస్తకాలు తక్కువ. ఒక్కొక్క పుస్తకం చుట్టూ నాలుగైదు తలలు చేరేవి. అందువల్ల పాఠాన్ని అందరం కలిసి చదివే పద్ధతి పెట్టుకున్నాను. ఒకరు ముందు నిలబడి ఒక వాక్యం చదవాలి. మిగిలినవారు ఆ వాక్యం మీద వేలు ఉంచి, ఒక్క గొంతుతో తిరిగి చదవాలి. ఎక్కడైనా వాక్యం జారిపోతే పేరా మొదటినుంచి మళ్ళీ చదివించేవాణ్ణి. మా ఇంట్లో నాకంటే ముందు చదువుకున్నవారు లేరు. పుస్తకంలో ఉన్నది ఏదీ దాటేయరాదని, దాటేసింది మళ్ళీ మన దగ్గరకు రాదని నాకు గట్టి నమ్మకం.

అవి డెబ్బయ్యవ దశకపు తొలి సంవత్సరాలు. గోదావరిఖనిలో, గని కార్మికుల క్వార్టర్ల వరుసలు ముగిసేచోట, ఒక రేకుల షెడ్డులో మా ప్రాథమికోన్నత పాఠశాల నడిచేది. కిటికీలు మూసినా తెరిచినా పుస్తకం మీద నల్లని పొడి పడేది. పేజీ తిప్పేముందు దాన్ని ఊదడం పిల్లలకు చదువులో భాగమైపోయింది. ముందు నిలబడి చదివేది ఎక్కువగా ఒక టింబర్‌మన్ కూతురు. గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాణ్ణి టింబర్‌మన్ అంటారు. ఆ అమ్మాయి గొంతు సన్ననిది, అయినా తొట్రుపాటు ఎరుగనిది.

మట్టికింద దొరికిన ప్రాచీన నగరం పాఠం చదువుతున్నాం. ఇటుక ఇళ్ళు, వీధులు, మురుగు కాలువల గురించి చదవడం అయిపోయింది. ఆ నగరం వేల ఏండ్లు నేల అడుగున ఉండిపోయిందన్న వాక్యం దగ్గర ఆ అమ్మాయి ఆగింది.

"కప్పు కూలిందా సార్?"

"ఏ కప్పు?"

"గా పట్నం కప్పు. దుంగలు సక్కగ వెట్టలేదా ఏంది?"

వెనక బెంచీలోని పిల్లవాడొకడు అందుకున్నాడు. "మీ బాపు టింబర్‌మన్ అయితే లోకమంత దుంగల మీదనే నిలవడ్డదానే? సార్, గప్పుడు ఏ షిఫ్టోళ్ళు లోపలున్నరు?"

ఎవరూ నవ్వలేదు. వాడు వేళాకోళంగా మొదలుపెట్టినా, ప్రశ్న మాత్రం నిజంగానే అడిగాడు. ఆ పిల్లలకు నేల అడుగు అంటే తండ్రులు డ్యూటీకి దిగే చోటు. అక్కడ నగరం దొరికిందంటే మనుషులు కిందికి దిగి కట్టుకున్నారనే అనుకున్నారు. నల్లబల్ల మీద ముందు నగరాన్ని గీసి, దానిమీద వరదల ఒండ్రు, గాలి తెచ్చిన దుమ్ము ఒక్కొక్క పొరగా గీసి చూపించాను. అందరూ తలలూపారు. ఆ అమ్మాయి మాత్రం కూర్చోలేదు.

"మరి మనుషుల కోసం ఎవ్వలు తవ్వలేదా సార్?"

"తవ్వడానికి అప్పటికి ఎవరూ మిగల్లేదేమో."

"మా బాయిల అయితే తవ్వుతరు. మనిషి పైకి అచ్చేదాంక పొయ్యి ముట్టియ్యరు."

గనిని అక్కడ బాయి అంటారు. ఆమె చెప్పింది నాకు తెలిసిన ఆచారమే. గనిలో ప్రమాదం జరిగి మనిషి లోపల ఉండిపోతే, అతన్ని పైకి తెచ్చేవరకు ఆ వరుసలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగేది కాదు. వేళకాని వేళ సైరన్ మోగిన మరునాడు పిల్లలు ఎండిన పెదవులతో బడికి వచ్చేవారు. నేను ఎవరినీ ఏమీ అడగవలసిన అవసరం ఉండేది కాదు.

తరువాతి పాఠం పెద్ద బండలు వలయంగా పేర్చిన సమాధుల గురించి. చనిపోయినవారి పక్కన కుండలు, ఇనుప పనిముట్లు పెట్టేవారని అందులో ఉంది. వారి పేర్లు మనకు తెలియవని కూడా ఉంది. వస్తువులు మనుషుల గురించి ఎట్లా చెబుతాయో తెలియజేయడానికి, పేరు కొట్టించిన గిన్నె ఏదైనా ఇంటినుంచి తెమ్మన్నాను. మరునాడు చెంబులు, గ్లాసులు, తాంబాళాలు వచ్చాయి. వాటిమీది పేర్లను పాఠం చదివినట్టే అందరం కలిసి చదివాం. ఆనాటి కుండలమీద కూడా ఇట్లా పేర్లు ఉండి ఉంటే, ఈనాడు వారిని పేరు పెట్టి పిలిచేవాళ్ళమని చెప్పాను.

టింబర్‌మన్ కూతురు వట్టి చేతులతో వచ్చింది. "మా ఇంట్ల పేరున్నది బాపు సద్దిగిన్నె ఒక్కటే సార్. డ్యూటీకి కొంచవోయిండు" అన్నది.

ఆ తరువాత కొద్దిరోజులకు, ఆమె నిలబడి చదువుతుండగానే సైరన్ మోగింది. ఎవరి తండ్రి ఏ షిఫ్టులో ఉన్నాడో పిల్లలకు తెలుసు. మొదటి షిఫ్టువాళ్ళ పిల్లలు లేచారు. ఆమె పుస్తకాన్ని మూసి, పక్కపిల్ల చేతికిచ్చి వెళ్ళింది.

కప్పు కూలింది. మిగిలినవారంతా బయటపడ్డారు, ఆమె తండ్రి బండల అవతల ఉండిపోయాడు. తొలగించే పని సాగుతుండగా లోపల బొగ్గు అంటుకుంది. విషవాయువు కమ్మింది. రక్షణ దళం రెండుసార్లు వెళ్ళి వెనుదిరిగింది. గాలి అందకుండా చేస్తే తప్ప మంట ఆగదని, ఆగకపోతే గని అంతా పోతుందని, ఆ దారికి అడ్డంగా ఇటుక గోడ కట్టి మూసివేశారు. మనిషి లోపలే ఉన్నాడు. పొయ్యిలు ఎప్పుడు వెలిగించాలో ఎవరికీ తెలియలేదు. గోడ పూర్తయిందన్న కబురు వచ్చిన సాయంత్రం, వరుసలో అందరికంటే పెద్దామె తన పొయ్యి వెలిగించింది. ఆ పొగ చూసి మిగిలినవారు వెలిగించారు.

నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కమాన్‌పూర్ వైపు పల్లెనుంచి వచ్చిన అమ్మాయి తాత, తల్లికి తండ్రి, గడపలో కూర్చున్నాడు. అమ్మాయి నాకు పీట వేసి ఎదురుగా నిలబడింది.

"గోడ మళ్ళ తీస్తరా సార్?"

"లోపల మంట చల్లారితే, ఎప్పుడైనా తీయవచ్చు."

"గా పట్నం లెక్కనా? వెయ్యేండ్లకా?"

ఆమె నా పీట దగ్గరకు జరిగింది.

"తీసినోళ్ళకు గాయిన ఎవ్వలో ఎట్ల తెలుస్తది సార్? బిళ్ళ మీద నంబరే ఉంటది."

గనిలోకి దిగే ప్రతి మనిషి దగ్గరా ఇత్తడి బిళ్ళ ఉండేది. దానిమీద పేరు ఉండదు. ఏదో ఒకటి చెప్పి ఊరడించాలని, "మీ బాపు దగ్గర సద్దిగిన్నె ఉంది కదా, దానిమీద పేరు ఉందన్నావు" అన్నాను.

"అది తాత పేరు సార్."

తల్లి తలెత్తకుండానే అన్నది. "నా లగ్గంల మా బాపు వెట్టిన గిన్నె సారూ. పెట్టినోళ్ళ పేరే కొట్టిస్తరు గద."

అది నాకూ తెలియనిది కాదు. నా చిన్ననాటినుంచి నేను అన్నం తిన్న పళ్ళెం మీద మా మేనమామ పేరు ఉండేది.

గడపలోని ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "బతికున్నోని పేరు బాయిల వడ్డది. సచ్చినోని పేరు ఏడ లేదు. యముడచ్చి నన్ను అడిగితే, లోపలున్నడు పోయి సూసుకొమ్మని చెప్పుండ్రి." తరువాత కూతురి వైపు తిరిగి, "నేను వెట్టింది గా ఒక్క గిన్నెనే" అన్నాడు.

శవం లేదు కనుక, ఇంట్లో ఉన్న అతని పాత టోపీని, బూట్లను గోదావరి ఒడ్డున పాతిపెట్టాలని కులపెద్దలు చెప్పారు. ఇంట్లోని చెంబుమీద బాపు పేరు కొట్టించి వాటితోపాటు పెడదామని అమ్మాయి అడిగింది.

"ఉన్నది ఒక్క చెంబు. రేపు నీళ్ళు దేంతోని తాగుతరు?" అన్నది తల్లి.

"దోసిట్ల తాగుతం" అన్నాడు ముసలాయన. చెంబు తానే తీసుకుని లేచాడు.

నేనూ వారివెంట బజారుకు నడిచాను. గిన్నెలమీద పేర్లు కొట్టేవాడు చెంబును ఒళ్ళో పెట్టుకుని అలవాటు ప్రకారం అడిగాడు.

"పెట్టినోళ్ళ పేరేంది పెద్దయ్యా?"

"పెట్టినోళ్ళది గాదు. పోయినోనిది. జర లోతుగ కొట్టు."

"లోతుగ కొడితే చిల్లు వడ్తది."

"పడనీ. నీళ్ళు వోసేటందుకు గాదు."

ముసలాయనకు చదువు రాదు. అక్షరాలు సరిగా వచ్చాయా చూడమని మనుమరాలికి చెప్పాడు. తరగతిలో పుస్తకం మీద పెట్టినట్టే ఆమె ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, తండ్రి పేరును పైకి చదివింది. మరుసటి పొద్దున చెంబును టోపీ పక్కన ఉంచి మట్టి కప్పారు. గోడ వెనక మాత్రం అతని దగ్గర ఇత్తడి బిళ్ళ, ముసలాయన పేరున్న గిన్నె ఉన్నాయి.

కర్మ ముగిసిన తరువాత ఆ అమ్మాయి బడికి వచ్చింది. పరీక్షలు దగ్గరపడినందున పాత పాఠాలు తిరిగి చదివిస్తున్నాను. ఆ రోజు సమాధుల పాఠం. చదవమని ఆమెను పిలవలేదు. తనంతట తానే వచ్చి నిలబడింది. బండల వలయం, కుండలు, పనిముట్లు, ఒక్కొక్క వాక్యమే ఆమె చదువుతున్నది, తరగతి తిరిగి చదువుతున్నది. వారి పేర్లు మనకు తెలియవన్న వాక్యం దగ్గర ఆగింది. ఊపిరి తీసుకుని దాని తరువాతి వాక్యం చదివింది.

ఈసారి తిరిగి చదివిన గొంతు లేదు. పిల్లల వేళ్ళు ఆమె వదిలిన వాక్యం మీదనే ఉన్నాయి. కొందరు నావైపు చూశారు. వెనక బెంచీ పిల్లవాడు ముందుగా తన వేలిని కింది వరుసకు జరిపాడు. తరువాత పక్కవాళ్ళు జరిపారు. అందరూ కలిసి ఆమె చదివిన వాక్యాన్నే చదివారు.

మొదటినుంచి చదవమని నేను అనలేదు.