పేరు లేని ఐదో వరుస

దయ్యం పట్టిందని నా దగ్గరికి తీసుకొచ్చిన ఆడవాళ్లలో సగం మందికి ఒంట్లో రక్తం లేదు, మిగతా సగం మందికి ఇంట్లో మనశ్శాంతి లేదు. ఎనిమిదేళ్ల సర్వీసులో నేను తేల్చుకున్నది అదే. నేను ఏఎన్ఎంను, ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సును. పుల్లలచెరువు వైపు, అడవి అంచున ఉన్న నాలుగు ఊళ్లు నావి. వేపమండలు పట్టుకుని వచ్చినవాళ్లను కసిరి పంపించి, ఆ మనిషి చేతిలో ఐరన్ మాత్రలు పెట్టేదాన్ని. నాకు నోరెక్కువని అందరికీ తెలుసు. అందుకే ఇప్పుడు చెప్పబోయే సంగతి నా నోటితో చెప్పడం నాకే సిగ్గుగా ఉంది.

రెండేళ్ల కిందటి మాట. నాకు అప్పుడు ముప్పై నాలుగో వారం. మొదటి కాన్పు, అదీ పెళ్లయిన ఆరేళ్లకు. మార్కాపురంలో అద్దె ఇల్లు. మా ఆయన పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పొద్దున ఏడింటికి బస్సెక్కితే నేను ఇల్లు చేరేసరికి చీకటి పడేది.

నెలన్నరగా నిద్ర లేదు. ఎడమవైపు పడుకుంటే తుంటి నొప్పి, కుడివైపు తిరిగితే ఆయాసం. మజ్జిగ తాగాను, అరికాళ్లకు కొబ్బరినూనె రాయించుకున్నాను, గోడకు దిండు చేరేసుకుని కూర్చుని చూశాను. గర్భిణులకు నేను చెప్పే చిట్కాలన్నీ నాకు నేనే చేసుకున్నాను. ఒక్కటీ పనిచేయలేదు. పగలు మాత్రం బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడే కునుకు తీసేదాన్ని. రెండుసార్లు దిగాల్సిన ఊరు దాటిపోయింది.

తలనొప్పి వస్తే నిద్ర లేక అనుకున్నాను. కాళ్లు వాస్తే ప్రయాణాల వల్ల అనుకున్నాను. అవే మాటలు ఇంకొకామె చెప్పి ఉంటే ఊరుకునేదాన్నా? ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

సెలవు పెట్టమని మా ఆయన రోజూ పోరేవాడు. కానీ ఉద్యోగాలు చేసే ఆడవాళ్ల లెక్క వేరు. కాన్పు సెలవు ఇన్ని రోజులే అని ఉంటుంది. ముందే వాడేస్తే బిడ్డ పుట్టాక ఆ మేరకు తగ్గిపోతుంది. అందుకని నొప్పులొచ్చే దాకా పనిచేసి, సెలవంతా బిడ్డ కోసం దాచుకుంటాం. నేనూ దాచుకుంటున్నాను.

ఆ రోజు నా ఊళ్లలో చివరి ఊళ్లో గర్భిణుల పరీక్షలు. అంగన్‌వాడీ గదిలో కూర్చున్నాం. నాతో ఉన్నది ఆ ఊరి ఆశా కార్యకర్త దీనమ్మక్క, మా అమ్మ వయసుది. మా ఇద్దరికీ ఒక అలవాటు ఉంది, తప్పని తెలిసీ చేసేవాళ్లం. పని త్వరగా తెమలాలని నేను నా నోటుబుక్కులో వారాలు, బరువు, బీపీ మాత్రమే వరుసగా వేసుకునేదాన్ని. పేర్లు దీనమ్మక్క ఒక చీటీ మీద అదే వరుసలో రాసిచ్చేది. సాయంత్రం గ్రామ సచివాలయంలో కూర్చుని రెండూ కలిపి ట్యాబ్‌లో ఎక్కించేదాన్ని.

మధ్యాహ్నానికి నలుగురు అయిపోయారు. దీనమ్మక్క చీటీ బల్ల మీద పెట్టి, మంచాన పడిన ఒక ముసలాయనను చూసొస్తానని వెళ్లింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. రేకుల కప్పు, విపరీతమైన ఎండ, తల పగిలిపోతోంది.

అప్పుడు ఐదో ఆమె వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. ముఖం గుర్తులేదు. మా పనిలో మేము చేతులు చూస్తాం, కడుపు చూస్తాం, కాళ్లు చూస్తాం. కాళ్లు మాత్రం బాగా గుర్తున్నాయి. వాపుకు చెప్పుల పట్టీ దిగబడిపోయి, గుర్తులు పడి ఉన్నాయి.

"నిద్ర పట్టడంలే మేడమ్," అంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"నెలన్నర."

బీపీ పట్టీ చుట్టి చూశాను. నూట అరవై, నూట పది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ కాళ్లేంది, ఈ బీపీ ఏంది? ఇన్నాళ్లు ఏం చేస్తన్నావు? కడుపులో బిడ్డకు ఏమన్నా అయితే ఎవరికి చెప్పుకుంటావు?" అని గట్టిగా అరిచాను.

"సెలవు దాచుకుంటన్నా మేడమ్," అంది మెల్లగా.

మేకలు కాసుకుని, కూలికి పోయి బతికే ఊళ్లో దాచుకునే సెలవు ఎవరికుంటుంది? ఆ ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. ముప్పై నాలుగు వారాలని రాసి, బీపీ రాసి, పక్కన ప్రమాదమని గీత గీసి, కదలకుండా కూర్చోమని చెప్పాను. గదిలో సిగ్నల్ ఉండదు, 108కి ఫోన్ చేద్దామని రోడ్డు మీదికి వచ్చాను.

ఆ తర్వాత సరిగా గుర్తులేదు. బస్సు వచ్చింది, ఎక్కాను. ఫోన్ చేసేశాననే అనుకున్నాను. సచివాలయంలో కూర్చుని ట్యాబ్ తెరిచినప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. చీటీలో నాలుగు పేర్లు, నోటుబుక్కులో ఐదు వరుసలు. నా ఫోన్‌లో 108కి చేసిన కాల్ లేదు.

వెంటనే దీనమ్మక్కకు ఫోన్ చేశాను. నువ్వు పోయినాక వచ్చినామె ఎవరని అడిగాను.

"ఎవరొచ్చినారు మేడమ్? మా ఊళ్లో కడుపుతో ఉండేది ఆ నలుగురే," అంది. నేను బీపీ ఎంతుందో చెప్పాను. "నువ్వెట్ల చూసినావు? మిషన్ నా దగ్గరే ఉండె కదా. ముసలాయనకు చూద్దామని నేనే తీసకపోతి."

పుట్టింటికి వచ్చిన పిల్ల ఎవరైనా అయి ఉంటుందనుకున్నాను. ఆ బీపీతో ఆమెకు ఏ ఇంట్లోనో ఫిట్స్ వస్తుంటే? నేను వదిలేసి బస్సెక్కాను. నా వల్ల రెండు ప్రాణాలు పోతాయన్న భయంతో ఆటో మాట్లాడుకుని వెనక్కి వెళ్లాను. దీనమ్మక్క, నేను ఇల్లిల్లూ తిరిగాం. అలాంటి మనిషిని చూశామన్నవాళ్లు ఒక్కరూ లేరు. చివరి ఇంటి అరుగు దగ్గర నాకు కళ్లు మసకలు కమ్మాయి. ఏడుపు ఆపుకోలేకపోయాను.

దీనమ్మక్క నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. కాసేపు నా కాళ్ల వంకే చూసింది.

"ఆమె సంగతి నేను చూసుకుంటాలే. ముందు నీ చెయ్యి ఇట్ల ఇయ్యి తల్లీ," అంది. మేడమ్ అని కాకుండా ఆమె నన్ను పిలవడం అదే మొదలు.

మిషన్ ఆగాక ఆమె నాకు కనిపించేలా దాన్ని నా వైపు తిప్పింది. నూట అరవై, నూట పది.

ఆ సాయంత్రమే మార్కాపురం ఆసుపత్రికి, అక్కడి నుంచి ఒంగోలుకు తీసుకెళ్లారు. మర్నాడు ఆపరేషన్ చేసి పాపను తీశారు. కిలో ఎనిమిది వందలు. రెండు వారాలు గాజు పెట్టెలో ఉంది. ఆ రాత్రి ఇంట్లోనే ఉండి ఉంటే ఇద్దరిలో ఎవరి సంగతీ చెప్పలేమని డాక్టరమ్మ అంది. ఇప్పుడు పాప ఇల్లంతా పరిగెడుతోంది.

నిద్ర లేని బుర్ర కూర్చున్నచోటే కల కంటుందని ఆ డాక్టరమ్మే చెప్పింది. కాళ్ల వరకు, మాటల వరకు నేను ఒప్పుకుంటాను. కానీ లేని మిషన్‌తో ఆ అంకెలు ఎలా వచ్చాయి? పట్టీ ఊడదీసినప్పటి పర్రుమనే చప్పుడు నాకు ఇంకా చెవుల్లో ఉంది. దేవుడే పంపినాడని దీనమ్మక్క అంటుంది. కాదని వాదించలేను, అవుననడానికి మనసు రాదు.

నన్ను బాధపెట్టేది ఇంకొకటి. అంత అలసిపోయిన మనిషి ఎదురుగా కూర్చుంటే నేను అరిచాను. తలెత్తి ముఖం కూడా చూడలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ముఖం చూస్తాను, రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతాను. పేరు రాసుకున్నాకే పట్టీ చుడతాను.

ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. ఆ నలుగురి పేర్లూ తర్వాత నింపాను. ఐదో వరుస దగ్గర పెన్ను పట్టుకుని చాలాసార్లు కూర్చున్నాను. నా పేరు రాస్తే అబద్ధం రాసినట్టుంటుంది. రాయకపోతే ఆమెను ఆ కుర్చీలోనే వదిలేసి మళ్లీ బస్సెక్కినట్టుంటుంది.