చక్రాల ఇంటికి వాస్తు

కువైట్‌లోని సబా అల్ సలేంలో నేను పనిచేసిన ఇంటి పెరట్లో ఒక పాత కారవాన్ ఉండేది. చలికాలంలో ఎడారికి వెళ్ళి కొన్నాళ్ళు గడపడం కువైటీలకు సరదా. అప్పట్లో దాన్ని జీపు వెనక తగిలించుకుని వెళ్ళేవారట. ఇంటి పెద్దాయన పోయాక ఎవరూ కదపలేదు. లోపల పిల్లులు కాపురాలు పెట్టాయి.

నా పని ఆ పెద్దాయన భార్యను చూసుకోవడం. అక్కడ పనివాళ్ళు యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ అంటారు; అలాగే ఆమెను పెద్ద మామా అనీ, ఆమె కొడుకును బాబా అనీ పిలిచేదాన్ని. పెద్ద మామాకు మోకాళ్ళు పనిచేయవు, నోరు మాత్రం రెండింటి బదులూ పనిచేస్తుంది. ఆ ఏడు చలి మొదలవగానే తనను ఎడారికి తీసుకెళ్ళమని కొడుకు ప్రాణం తోడేసింది. గుడారంలో కింద కూర్చుంటే లేవలేదు కాబట్టి, మంచమున్న కారవాన్ కావాలంది. బాబా తల గోక్కుని, శుక్రవారానికల్లా అది బాగుపడితే సరే, లేదంటే తుక్కుకు పంపించేస్తానన్నాడు.

ఆమెకంటే నాకే ఆత్రం ఎక్కువ. ఆమె వెళితేనే నేనూ వెళతాను. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆసుపత్రికీ వీధి చివర కొట్టుకీ తప్ప నేను గేటు దాటింది లేదు. ఇసుకైతే ఇసుకే, గోడలు లేని చోటు ఒక్కసారి చూడాలని కొట్టుకుపోయేదాన్ని.

బాబా సబ్హాన్‌లోని ఒక వర్క్‌షాపు నుంచి వడ్రంగిని తెచ్చాడు. జగిత్యాల మనిషి. నేను గోదావరి దాన్ని. ఆ ఇంట్లో తెలుగు మాట వినపడేసరికి నాకు ఏడుపొచ్చినంత పనయింది. మర్నాటికల్లా ఇద్దరం పోట్లాడుకుంటున్నాం.

నేలతోనే మొదలుపెట్టాడు. పాత కార్పెట్ లాగితే దాని కింద ప్లైవుడ్ టీలో ముంచిన బిస్కెట్‌లా ఉంది. అతను లోపలికి అడుగేయగానే కాలు మోకాలిదాకా దిగబడిపోయింది. నేను నవ్వాను.

"నవ్వుతవేంది చెల్లె? జర చెయ్యియ్యి!" అని అరిచాడు.

"ఉండండన్నయ్యా, పెద్ద మామాని కూడా పిలుస్తాను, చూసి సంతోషిస్తాది," అన్నాను.

పుచ్చిన చెక్కంతా పీకి, కింద తుప్పు గీకి రంగేసి, కొత్త ప్లైవుడ్ బిగించాడు. దాని మీద చెక్క రంగు వినైల్ షీటు పరిచాం. కింద గాలి బుడగలు మిగిలిపోతే, నేను వంటింట్లోంచి అప్పడాల కర్ర తెచ్చి, మోకాళ్ళ మీద పాకుతూ ఒత్తాను. గోడలకు తెల్లరంగు వేశాడు. పాత దుప్పటి కత్తిరించి కిటికీలకు తెరలు నేను కుట్టాను. ఇంతవరకూ అంతా బాగానే ఉంది.

తర్వాత సామాను సర్దే వేళ వచ్చింది. వడ్రంగి జేబులోంచి దిక్సూచి తీశాడు. కారవాన్ మధ్యలో నిలబడి చుట్టూ తిరిగాడు. బండిని జీపుకు తగిలించే కొక్కెం తూర్పున, గేటు వైపు ఉంది. బండి తోక పడమర.

"పొయ్యి ఆగ్నేయంల పెట్టాలె. బీరువా నైరుతిల. పెద్దమ్మ మంచం గూడ గా పక్కకే, దక్షిణం తలాపు."

"అన్నయ్యా, దీనికి చక్రాలున్నాయండి. ఇయ్యాల ఇటుంటది, రేపు అటు తిరుగుద్ది."

"చక్రాలుంటేంది? పండేది మనిషే గద! ఇల్లన్నంక వాస్తుండాలె. నైరుతిల ఎంత బరువుంటే ఇల్లు గంత గట్టిగుంటది."

మా చర్చిలో వాస్తు లేదు కాబట్టి నాకు ఎదురుచెప్పే మాటలూ లేవు. ఇనుప బీరువా, మంచం, దాని కింద గిన్నెల ట్రంకుపెట్టె, నీళ్ళ క్యాన్లు, అన్నీ కలిసి తోక దగ్గర మూలకే నెట్టాం. చెమటలు కక్కుతూ తోసింది నేనే.

శుక్రవారం బాబా వచ్చాడు. కొత్త నేల మీద గట్టిగా అడుగులేసి చూసి, తల ఊపాడు. పెద్ద మామా ఆగలేక, నా భుజం పట్టుకుని ఎక్కి మంచం మీద కూర్చుంది. బాబా జీపు తేవడానికి వెళుతూ, బండిని నిలబెట్టిన ఇనుప కాళ్ళు ఎత్తేయమన్నాడు. వడ్రంగి ఒక్కొక్కటే ఎత్తాడు.

చివరి కాలు ఎత్తగానే కారవాన్ తోక నెమ్మదిగా నేల మీద కూర్చుంది. ముందు కొక్కెం లేచి ఆకాశం వైపు చూసింది. మంచం మీద పెద్ద మామా దిండ్లలోకి జారిపోయి కెవ్వుమంది. నేను పరిగెత్తాను. తలుపులోంచి చూస్తే, ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

బాబా నవ్వలేదు. "ఖలాస్! తుక్కే!" అన్నాడు.

గేటు నా మొహాన మూసినట్టయింది. నేను వడ్రంగి మీద విరుచుకుపడ్డాను. "నీ నైరుతి తగలెయ్య! ముందే చెప్పానా లేదా?" అతను నోరు తెరుచుకుని కొక్కెం వైపే చూస్తున్నాడు.

బాబా తల్లిని దించబోయాడు. ఆవిడ మంచం కోడు గట్టిగా పట్టుకుంది. "దిగను. లాక్కెళితే ఇందులోనే వస్తాను. తుక్కుకు పంపితే తుక్కుకే పోతాను," అంది. తల్లితో ఎవరు వాదిస్తారు? బాబా గంట సమయమిచ్చి, జీపులో కూర్చుని సిగరెట్ వెలిగించాడు.

కాళ్ళు మళ్ళీ దించి బండిని సమంగా నిలబెట్టాం. వడ్రంగి బీరువాను నేలకు బిగించిన బోల్టులు విప్పాడు. బీరువానూ ట్రంకునూ ముందుకు, పొయ్యి పక్కకు లాగాం.

"ఆగ్నేయంల బరువా! పాపం తగుల్తది చెల్లె," అని గొణిగాడు.

"గేటు దాటాక అది ఏ మూలో దేవుడిక్కూడా తెలీదు, లాగండి!"

వడ్రంగి మళ్ళీ ఇనుప కాళ్ళు ఎత్తాడు. ఈసారి కొక్కెం బుద్ధిగా కిందే ఉంది. బాబా సిగరెట్ ఆర్పి, దాన్ని జీపుకు తగిలించాడు. పెద్ద మామా దిగి జీపు ఎక్కింది. "యల్లా," అని నన్నూ పిలిచింది. నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తాను.

ఎడారిలో ఆవిడను మంచం మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఏం చేయాలా అని నిలబడ్డాను. ఆవిడ తలుపు వైపు చెయ్యి చూపి, "వెళ్ళు. ఎవరూ పిలవరు," అంది.

వెళ్ళాను. ఏ వైపు చూసినా అడ్డం లేదు. కొంచెం దూరం నడిచాను, ఆగాను. చేతిలో సంచి లేదు, తేవలసిన మందు లేదు, తొందరపెట్టే మనిషి లేదు. ఇన్నాళ్ళూ దీనికోసమే ఏడ్చాను కదా, తీరా వచ్చాక ఎటు నడవాలో నాకు తెలియలేదు. భయమేసింది. గబగబా వెనక్కి వచ్చేశాను.

పెద్ద మామా టీ ఇంకా సగం కూడా తాగలేదు. నన్ను ఎగాదిగా చూసింది.

"అప్పుడే వచ్చావా? మళ్ళీ వెళ్ళు," అంది.