ఆటో వెనక నా మొహం

ఇది ఒక మహాకావ్యం. ఇందులో రథాలున్నాయి, జైత్రయాత్ర ఉంది, అపకీర్తి ఉంది, రణరంగంలో కూలిన వీరుడు కూడా ఉన్నాడు.

ఆగండి. రథాలంటే ఆటోలు, ఒక ట్రాక్టరు, ఒక చేపల వ్యాను. రణరంగం నరసన్నపేట దగ్గర హైవే. కాబట్టి మహాకావ్యం కాదు. ఓ వాట్సాప్ ఫార్వర్డుకి సరిపడా సరుకు. అలాగే చలామణీ అయింది కూడా.

మాది గుడి చూసుకునే కుటుంబం. హైవే పక్కన చిన్న ఆంజనేయస్వామి గుడి, తాతగారి తర్వాత నాన్నకి వచ్చింది. నాన్న అన్నీ చేస్తారు: వ్రతాలు, బారసాలలు, శంకుస్థాపనలు. నేను డిగ్రీ చేసి విశాఖపట్నం వెళ్ళి, అక్కడ ఏ ఉద్యోగమూ నా కోసం బెంగపెట్టుకోలేదని రూఢి చేసుకుని తిరిగొచ్చాను. వచ్చే ముందు, మనకంటూ ఒక బ్రాండు ఎలా కట్టుకోవాలో చెప్పే ఉచిత తరగతి ఒకటుంటే వెళ్ళాను. ఏసీ ఉందని వెళ్ళాను. అక్కడాయన ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పాడు. అన్నీ చేసేవాణ్ణి ఎవరూ గుర్తుపెట్టుకోరట. ఒక్కటి పట్టుకోవాలట. ఆ ఒక్కటి అనగానే జనానికి మన మొహమే గుర్తు రావాలట.

మా గుడికి ఎదురుగా రెండు బళ్ళ షోరూములున్నాయి. కొత్త బండి కొన్నవాడు రోడ్డు దాటితే దేవుడే. వాహన పూజ! శ్రీకాకుళం బస్సు దిగేలోపే ఆ ‘ఒక్కటి’ నాకు దొరికిపోయింది.

స్టిక్కరు నేనే తయారుచేశాను. నవ్వుతున్న నా మొహం, కింద ‘వాహన పూజల స్పెషలిస్టు’, దాని కింద ఫోన్ నంబరు. నాన్న దాన్ని దూరంగా పట్టుకుని ఒకసారి, దగ్గరగా పట్టుకుని ఒకసారి చూశారు.

“మొహం స్వామిది కదరా వేస్తారు?”

“ఆయన అందరికీ తెలుసు నాన్నా. తెలీనిది నేనే.”

నాన్న స్టిక్కరు నా చేతిలో పెట్టేసి హారతి పళ్ళెం తోముకోడానికి వెళ్ళారు. స్వామి అభ్యంతరం చెప్పలేదు.

మొదటి బేరం ఆటో మావది. చుట్టరికం లేదు. చిన్నప్పుడు నన్ను బడికి మోసిన ఆటో ఆయనది, అప్పటినుంచీ మావా అనే పిలుపు. పాత ఆటో అమ్మేసి కొత్తది కొని, తిన్నగా నా దగ్గరికే తెచ్చాడు. పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయతో దిష్టి, ఏదీ తగ్గించలేదు నేను. చివర్న స్టిక్కరు ఎక్కడ వెయ్యమంటావని అడిగాను.

“సిన్నదేటి పంతులూ, పెద్దదే కొట్టించు. ఎనక రెక్సినంతా నీదే. ఊరంతా సూడాల” అన్నాడు మావ.

అలా తలగడంత మొహంతో నేను ఊరంతా తిరగడం మొదలైంది. పాతపట్నం నుంచి ట్రాక్టరు వచ్చింది. కళింగపట్నం నుంచి చేపల వ్యాను వచ్చింది, దాని ముందు నా అగరువత్తులు చేతులెత్తేశాయి. ‘ఆ కుర్ర పంతులు సెయ్యి మంచిది’ అనే మాట పుట్టింది. ఆ మాట నేనే నాలుగు చోట్ల మోశాననుకోండి, అది వేరే సంగతి.

ఒకరోజు ఫోను. “పంతులూ, నిన్న పూజ సేసినావు, నేడు పంచరైపోనాది. ఏటిది?”

మళ్ళీ తీసుకురండి, ఉచితంగా ఇంకోసారి చేస్తానన్నాను. బ్రాండు అంటే సర్వీసు కదా. నాన్న పత్రి ఏరుకుంటూ విన్నారు.

“ఇన్నేళ్ళలో నన్ను పంచరు గురించి ఎవరూ అడగలేదురా.”

పాపం, ఆయనకి ఫాలోయింగు లేదనుకున్నాను. తర్వాత బ్యాటరీ గురించి అడిగారు. హారన్ గురించి అడిగారు. ఒకాయన మైలేజీ రావడం లేదన్నాడు.

ఒక తెల్లవారుజామున, మంచులో, రోడ్డు వార ఆగి ఉన్న లారీని మావ ఆటో గుద్దేసింది. ఎవరో ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టారు. ఆటో పక్కకి పడి ఉంది. ముందు అద్దం లేదు. హ్యాండిల్ వంగిపోయింది. ముందు చక్రం ఇంకెటో చూస్తోంది. వెనక రెక్సిన్ మీద మాత్రం గీత పడలేదు. నేను అడ్డంగా పడుకుని నవ్వుతున్నాను, ఫోన్ నంబరుతో సహా.

ఆ ఒక్కటి అనగానే మన మొహమే గుర్తు రావాలన్నాడు కదా తరగతిలో ఆయన. వచ్చింది.

ఫోను ఆగలేదు. “పంతులూ, మావూరి శవాల బండికి కూడా పూజ సేస్తావేటి?” అని ఒకడు. ట్రాక్టరాయన మర్యాదస్తుడు. “నీ బొమ్మ నాను గీకీమంటావా, నువ్వే వచ్చి గీకుతావా బాబూ?” అని అడిగాడు.

మావని శ్రీకాకుళంలో ఆసుపత్రిలో చేర్చారు. నేను చూడ్డానికి వెళ్ళేసరికి కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఆటోకి క్లచ్చి చేత్తోనే, గేరు చేత్తోనే. బ్రేకొక్కటే కుడికాలితో. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. అందుకే ఇద్దరం ఫ్యాను వైపు చూశాం.

“ఏటి పంతులూ ఆ మొకం? స్టిక్కర్లో బాగున్నావు కదేటి” అన్నాడు మావే.

“నన్ను తిట్టు మావా.”

“నిన్నెందుకు తిడతాను? లారీ ఆగున్నాది, నాను ఆగనేదు. మద్దిన నీ మంత్రమేటి సేస్తాది?”

మావ భార్య కిటికీ దగ్గర కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. నా వైపు తిరక్కుండానే అంది: “పెద్ద పంతులుగారి సేత సేయిద్దుమని మొత్తుకున్నాను బాబూ. ఈడిన్నేదు. మన గుంటడు, పైకి రావాల, మొదటి బేరం మనదే అవ్వాల అన్నాడు.”

“ఒసే, ఊరుకో” అన్నాడు మావ.

ఆవిడ లేచింది. ఒక తొన తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇలాంటి చోట నాకు మామూలుగా ఏదో ఒక జోకు తగులుతుంది. వెతికాను. లేదు. తొన ఎక్కడ పెట్టాలో తెలియక తినేశాను. తియ్యగా ఉంది. కనీసం పుల్లగానైనా లేదు.

ఆ సాయంత్రం నాన్న దీపం ఒత్తి సర్దుతూ అన్నారు: “స్వామి బొమ్మ ఉండుంటే ప్రాణం కాపాడాడనేవారు. నీ బొమ్మ ఉంది కనక కాలు తీశావంటున్నారు.”

తరగతిలో ఇది చెప్పలేదు. నేను త్వరగా లేచి వచ్చేశానేమో కూడా.

ఇప్పుడు కొత్త బండివాళ్ళు రోడ్డు దాటి వచ్చి, నా మొహంలోకి చూసి, “పెద్ద పంతులుగారు ఉన్నారా?” అని అడుగుతారు. నాన్న నడుం పట్టుకుని వంగి చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. నేను గుమ్మడికాయ పట్టుకుని నిలబడతాను. అందులో నన్ను మించినవాడు జిల్లాలో లేడు, అయినా ఎక్కడా రాసుకోలేదు.

మొన్న మావ భార్య ఫోన్ చేసింది. ఆటో బాగుచేయించారు, అమ్మేస్తున్నారు. కొనేవాడికి అన్నీ నచ్చాయి. ఆ మొహం తీసేస్తేనే తీసుకుంటానన్నాడట. “ఒకపాలి వచ్చి నీ బొమ్మ తీసీసి పో బాబూ. కోపం నేదు” అంది.

మెకానిక్ షెడ్డుకి వెళ్ళాను. గోటితో గీకితే ఒక చెవి ఊడింది. గుడి నుంచి తెచ్చిన దీపాల నూనె పోసి రుద్దాను. నంబరు సగం పోయింది, నవ్వు కదల్లేదు. అంతసేపూ చూసిన మెకానిక్ అప్పుడు చెప్పాడు: ఆ జిగురు నూనెకి పోదు, పెయింటులో కలిపే థిన్నరు కావాలి. హార్డ్‌వేరు షాపు మధ్యాహ్నం మూసేశారు, మళ్ళీ మూడింటికే తెరుస్తారు. అప్పటిదాకా నేనూ నా నవ్వూ ఎదురెదురుగా కూర్చున్నాం.