రమణమ్మక్క చేతికిచ్చిన ఫోటో

ఈ మాట ఎన్నో ఏళ్లుగా నా గొంతు దాటలేదు. అన్నం వారుస్తున్నా, మామా అని మేం పిలిచే యజమానురాలి పిల్లలకు తలలు దువ్వుతున్నా, లోపల బరువుగా కూర్చునే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

ఈ అరబ్బు దేశంలో, సల్వాలోని ఈ ఇంట్లో అప్పుడు ఇద్దరం పనిచేసేవాళ్లం. నేను, రమణమ్మక్క. ఇద్దరిదీ అన్నమయ్య జిల్లాలో ఒకే సంత ఊరు. వాళ్లమ్మ సంతవీధిలో కల్లంగడి నడిపేది. ఆ అంగళ్లన్నీ కూలగొట్టాక మా ఊరి సారొకాయన వాటి పాత ఫోటోలు సేకరించడం మొదలుపెట్టాడు. పెద్దవి చేయించి, కింద పేర్లు రాసి లైబ్రరీలో పెడతానన్నాడు. అక్క దగ్గర ఒకటుంది. అంగడి ముందు వాళ్లమ్మ. చనిపోయిన తల్లిది ఆమెకు మిగిలిన ఫోటో అదొక్కటే.

"నీ ఫోన్లో బాగా పడతాది మే. తీసి సారుకు పంపిచ్చు," అని నా చేతికిచ్చింది.

గదిలో కూర్చుని చూశాను. అంగడి గోడవారగా, తాగి, పంచె ఊడి, మట్టిలో పడి ఉన్నాడు ఒక మనిషి. మా నాన్న.

ఆయన పేరున్న మేస్త్రీ అని అత్తవారింట్లోనూ ఇక్కడా చెప్పుకున్నదాన్ని. అది లైబ్రరీ గోడకెక్కితే? ఆ పక్క రాకుండా ఫోన్లో తీసి ఉంటే సరిపోయేది కదా, అక్కతో ఒక్క మాట చెప్పినా ఆమె అర్థం చేసుకునేది కదా అని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు చేతులు ఆగలేదు. చించి టాయిలెట్లో వేసి నీళ్లు వదిలాను.

అక్క అడిగితే, మామా చూసి, కల్లు బొమ్మ అని కోపంతో చించేసిందన్నాను. అక్క ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోలేదు. ఏడుస్తూ, వచ్చీరాని అరబ్బీలో మామాను నిలదీసింది. అలాంటి ఫోటో ఏదైనా ఉందా అని మామా నన్ను అడిగింది. సింకు ముందు నిలబడి, లేదని తల అడ్డంగా ఊపాను. సిగ్గా? భయమా? ఏదైతేనేం.

"ఖలాస్," అంది మామా. మరునాడే అక్కను పనికి పెట్టించిన ఏజెన్సీకి పంపేశారు.

ఇప్పుడామె ముబారక్ అల్ కబీర్‌లో, ఇంతకంటే కష్టమైన ఇంట్లో ఉంది. శుక్రవారం ఫోన్ చేస్తుంది. "మామాకు భయపడినావులే మే, నీ తప్పేముంది," అంటుంది. చెయ్యని తప్పుకు దొరికిన క్షమ అది. పుచ్చుకోలేను, వద్దనలేను. నా ఇఖామా, ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఈ ఇంటి మీదే ఉంది. అదే సింకు ముందు రోజూ నిలబడాలి.

పోయిన వారం అడిగింది.

"మా యమ్మ మొగం మరుపొస్తాండాది మే. ఆ ఫోటో కడాకు చూసిందానివి నువ్వే గదా. అమ్మ నవ్వుతాండెనా దాంట్లో?"

"నవ్వుతాండె అక్కా," అన్నాను.

నాకు తెలియదు. నేను చూసింది మా నాన్ననే. వాళ్లమ్మ ముఖం సరిగ్గా చూడనే లేదు.

ఈ మాట అక్కకు చెప్పగలనో లేదో. మీకు చెప్పాను. ఇన్నేళ్లకు, నేను కాక ఇంకొకరికి తెలిసింది.