తెర పడేదాకా శవం

మా బాబాయి స్టేజి మీద చచ్చిపోయే వేషం తప్ప ఇంకోటి వేయడు. వేషం ఇస్తామని ఎవరొచ్చినా ఆయన మొదటి ప్రశ్న, "ఎన్నో సీనులో చస్తాను?"

ఉత్త చావు చాలదు. చచ్చాక శవాన్ని లోపలికి మోసుకుపోకూడదు. తెర పడేదాకా స్టేజి మీదే ఉంచాలి, ముఖం మీద దుప్పటి కప్పాలి. ఒకసారి రాజు వేషం ఇస్తామన్నారు. కిరీటం, కత్తి, పేజీలకు పేజీలు డైలాగులు.

"రాజు చస్తాడా?"

"లేదండీ, గెలుస్తాడు."

"అయితే నా వల్ల కాదు. ఆ ఓడిపోయేవాడి వేషం ఖాళీగా ఉందేమో చూడండి."

పిన్ని నెత్తి కొట్టుకునేది. "మీ ఆయన ఏం వేషం వేశాడని పక్కింటావిడ అడుగుతుంది. ఏం చెప్పను?"

"పోయాడని చెప్పు."

నేను అదే నాటక సమాజంలో తెర లాగేవాణ్ణి. ఇదంతా ఒట్టి బద్ధకమనే అనుకున్నాను. పడుకుని చప్పట్లు కొట్టించుకోవడం ఎవరికి చేదు?

ఇలా ఉండగా కొత్త డైరెక్టరు వచ్చాడు. వస్తూనే, "ఈ శవం అడ్డం. చావగానే లోపలికి మోసుకెళ్లండి," అన్నాడు.

"ఏ మూలనో పడుంటాను బాబూ," అని బాబాయి బతిమాలాడు. ఆయన ఒకర్ని బతిమాలడం నేను చూడటం అదే మొదలు. డైరెక్టరు వినలేదు.

మా సమాజంలో తల్లి వేషాలన్నీ వేసే పెద్దావిడ ఒకరున్నారు. అందరికీ అక్కయ్యే. బాబాయికి నటన నేర్పింది కూడా ఆవిడే. ఆ రోజు రిహార్సల్లో ఆవిడ చెప్పాల్సిన మాట మరిచిపోయి నిలబడిపోయింది.

"అమ్మా, జనం ముందు ఇలా జరిగితే ఇదే మీ ఆఖరి నాటకం," అన్నాడు డైరెక్టరు. అక్కయ్య స్టేజి తప్ప వేరే లోకం తెలియని మనిషి. పాపం, ముఖం పాలిపోయింది.

నాటకం రోజున బాబాయి చచ్చాడు. మోసుకొచ్చి నా పక్కన దించారు. స్టేజి మీద చచ్చిన కొడుకు కోసం అక్కయ్య ఏడవడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది. శవం ఉండాల్సిన చోటుకేసి బిక్కచూపులు చూస్తోంది.

"మాట అందించు బాబాయ్!" అన్నాను.

"ఇక్కణ్ణుంచి ఆవిడకి వినపడదురా!" అంటూ లేచాడు. దుప్పటి కప్పుకుని, నడుచుకుంటూ వెళ్లి, ఆవిడ కాళ్ల దగ్గర మళ్లీ చచ్చాడు.

హాలు హాలంతా గొల్లున నవ్వింది. అక్కయ్య మాత్రం "నా తండ్రీ!" అని ఆయన మీద వాలిపోయింది. పెదాల దగ్గర దుప్పటి కదిలింది. ఆవిడ గొంతు ఖంగున మోగింది. ఇక ఒక్క మాట తప్పలేదు. నవ్విన జనమే కాసేపటికి ముక్కులు చీదుకున్నారు.

డైరెక్టరు నోరు వెళ్లబెట్టాడు. "ఇన్నేళ్లూ ఆయన చచ్చింది ఇందుకా?"

నాకు మాత్రం ఏం తెలుసు? ఆ క్షణాన బాబాయి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

కొన్నాళ్లకు డైరెక్టరు మా ఇంటికొచ్చాడు. "ఈసారి పెళ్లి నాటకమండీ. మొదట్నుంచీ చివరిదాకా నవ్వులే."

"ఎన్నో సీనులో చస్తాను?"

"ఇందులో ఎవరూ చావరు."

"అయితే నా వల్ల…"

"పూర్తిగా వినండి. పెళ్లికొచ్చిన బంధువొకడు మొదటి సీనులోనే సోఫాలో నిద్రపోతాడు. తెర పడేదాకా లేవడు. ముఖం మీద దుప్పటి."

బాబాయి గడ్డం గోక్కున్నాడు. "అక్కయ్య ఎక్కడ కూర్చుంటుంది?"

"మీ తల దగ్గరే."

లోపల్నుంచి పిన్ని గొంతు వినిపించింది. "హమ్మయ్య! ఈసారి బతికే ఉన్నారని పక్కింటావిడకి చెప్పొచ్చు."