నడవకి సరిపోయిన పెద్దమ్మ

రీసెర్చి వెలగబెట్టే ఆ రోజుల్లో, గైడుగారు కాదంటే నాకు అన్నం సహించేది కాదు. గుంటూరు దగ్గర (యూనివర్సిటీ పేరు చెప్పను, దానికీ పరువుంది) కంప్యూటర్లో కిక్కిరిసిన ద్రవాల్నీ, గాజులాంటి గజిబిజి ఘనపదార్థాల్నీ కట్టి, వాటిలో ఒక పరాయి కణాన్ని వదిలి, అది ఎంత వేగంగా తిరుగుతుందో చూడటం నా పని. కణం లావయ్యేకొద్దీ నెమ్మదించాలి, ఎవర్నడిగినా చెబుతారు. నా లెక్కలోనూ మొదట నెమ్మదించింది. ఆ తర్వాత, ఒకానొక సైజు దగ్గర, సన్నకణాల్ని దాటేసి పరుగెత్తింది! ఇంకా లావు చేస్తే మళ్లీ చతికిలబడింది. గైడుగారు గ్రాఫు చూసి, "ప్రోగ్రాంలో తప్పుందయ్యా. సెమినార్లోగా దిద్దుకో. లేదంటే ఈ పని పక్కన పడేద్దాం" అన్నారు. అంతకాలం పడ్డ చాకిరీ కళ్లముందు తిరిగింది.

ఎంత వెతికినా తప్పు దొరకలేదు. ఆ దిగులుతోనే క్రిస్మస్‌కి ప్రత్తిపాడు పక్కన మా ఊరెళ్లాను. ఆరాధన అయ్యాక షామియానా కింద ప్రేమవిందు. బల్లల మధ్య ఇరుకు నడవ, రెండువైపులా జనం. ఆ చివరున్న పాస్టరుగారి బల్లకి పెరుగుచట్నీ నేను, చికెన్ కూర మా పెద్దమ్మ తీసుకెళ్లాలి. నేను పత్తికట్టెలా ఉండేవాణ్ణి, పెద్దమ్మ నిండైన మనిషి. "సన్నంగా ఉన్నావుగా, ముందు నువ్వు పోరా" అంది. నాలుగడుగులు వేశానో లేదో ఒక అత్త చెయ్యి పట్టుకుంది. "ఏం బాబూ, ఇంకా చదూతానే ఉన్నావా?" విడిపించుకుని అవతలికి జరిగితే అక్కడ ఒక పిన్ని చొక్కా పట్టుకుని, "పెళ్లెప్పుడయ్యా, మేం పోయాకా?" అంటూ పక్కన కూర్చోబెట్టేసింది. అటూ ఇటూ జరగడానికి చోటుంది కదా, ఎటు జరిగితే అటే అతుక్కుపోతున్నాను. అప్పుడొచ్చింది పెద్దమ్మ. నడవకి సరిగ్గా సరిపోయింది. ఇటునుంచి ఒకామె "అక్కా, ఇట్రా" అని లాగితే, అటునుంచి మరొకామె "వదినా, ఇటు" అని అంతే బలంగా లాగింది. పెద్దమ్మ ఎటూ ఒరగలేదు. "వస్తన్నానమ్మా, వస్తన్నా" అంటూ నేరుగా సాగిపోయింది. (వెనకాలే వచ్చిన బిర్యానీ గుండిగ మాత్రం నడవలోకే పట్టలేదు.) నేను చట్నీ గిన్నెతో లేచి, "తప్పు లేదు!" అని అరిచాను. పాస్టరుగారు "ఆమెన్" అన్నారు.

సెమినార్లో అదే చెప్పాను. సన్నకణం చుట్టూ ఉన్న కణాల మధ్య ఖాళీలో ఏదో ఒక పక్క గోడకి అంటుకుంటుంది. సందుకి సరిపడే కణాన్ని అన్నివైపుల గోడలూ సమంగా లాగుతాయి కాబట్టి ఏ లాగుడూ దాన్ని ఆపలేదు. గైడుగారు గ్రాఫుని చాలాసేపు చూసి తలూపారు. బతికిపోయాననుకున్నాను. అంతలో వెనక వరసలోంచి పైఊరి ప్రొఫెసరుగారొకరు లేచి, "కరెక్టే బాబూ. దీన్ని చాలా ఏళ్ల కిందటే వేరేవాళ్లు కనిపెట్టేశారు. మీ పెద్దమ్మగారి సంగతి మాత్రం నేనెక్కడా చదవలేదు" అన్నారు. హాలంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద జాలికన్నా అసూయే ఎక్కువ. క్రిస్మస్ నుంచి సెమినార్ దాకా, లోకం మొత్తంలో ఆ సంగతి తెలిసినవాడు తానొక్కడే అనుకుని, మిరపచేల గట్ల మీద తనలో తనే నవ్వుకుంటూ తిరిగాడు. ఆ తర్వాత నాకు చాలా సంగతులే తెలిశాయి గానీ, అలా నవ్వుకుంటూ తిరిగింది మాత్రం లేదు.