పద్నాలుగు గుంటల పగ

"ఆటే కదా" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మాట అనేవాళ్ళు ఏ ఆటా మనసు పెట్టి ఆడి ఉండరు. ఆడి ఉంటే తెలిసేది, ఎదురుగా కూర్చున్న మనిషిని ఎంత అసహ్యించుకోవచ్చో, అదే మనిషి ఒకరోజు రాకపోతే మధ్యాహ్నం ఎంతకీ గడవక ఎలా చస్తామో. నాకూ పక్కవాటా ముసలమ్మకీ వామనగుంటల పీట దగ్గర ఎనిమిదేళ్ళు యుద్ధం జరిగింది. అందులో నేను చేసిన తప్పు ఒక్కటే. ఆ ఒక్కటీ చాలింది.

నేను ఒడిశాలో, రాయగడలో నర్సుగా ముప్పయ్యేళ్ళు చేసి రిటైరయ్యేను. విజయనగరం వైపు నుంచి చిన్న వయసులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయేను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్ళకి జవాబూ చెప్పలేదు. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఇల్లు, కాసిని మొక్కలు, అంతే నా బతుకు.

పక్కవాటాలోకి ఆవిడ కొడుకుతో దిగింది. గుణుపురం దగ్గర పొలాలు చేసుకున్న కుటుంబం, తాతల ఊరు శ్రీకాకుళం పక్క. కొడుక్కి ఇక్కడ ఆఫీసులో పని. ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్ద. దిగిన రోజే అంట్లు తోమిన బూడిదనీళ్ళు తెచ్చి నా మందారం మొదట్లో కుమ్మరించింది. ఇదేం పనని అడిగితే, "మొక్కకి బలవే. సూదులు పొడుసుకునేదానివి, నీకేటి తెలుసు?" అంది. ఆ క్షణం నుంచీ ఆవిడంటే నాకు పడలేదు. పడటానికి ప్రయత్నించనూ లేదు.

నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం ఆవిడ అరుగు మీద వామనగుంటల పీట పెట్టుకుని, ఇటూ తనే అటూ తనే ఆడుకుంటూ కనిపించింది. మా వీధంతా ఒడియా వాళ్ళే. ఆవిడతో మన పద్ధతిలో ఆ ఆట ఆడేవాళ్ళెవరూ లేరు. నేను గోడవతల నిలబడి చూసేను. చూసి ఊరుకుంటే పోయేది. నా పాడు నోరు ఊరుకోదు కదా.

"ఆ గుంట కాదు, ఈ చివరిది తియ్యాలి."

తలెత్తి ఎగాదిగా చూసింది. "ఏటే, నీకొచ్చా?"

"నీకంటే బాగానే వచ్చు."

"అయితే రా. కూకో. సూద్దాం నీ పెతాపం."

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. పీటకి రెండు వరసలు, వరసకి ఏడేసి గుంటలు, గుంటకి అయిదేసి చింతపిక్కలు. మన వైపు ఒక గుంటలోవి తీసుకుని ముందున్న గుంటల్లో ఒక్కొక్కటీ వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయేక తరవాతి గుంటలోవి తీసుకుని మళ్ళీ సాగాలి. ఆ తరవాతి గుంట ఖాళీ అయితే దాన్ని వేలితో తుడిచి, దాని పక్క గుంటలో ఉన్నవన్నీ మనం తీసుకోవాలి. అక్కడితో మన వంతు అయిపోయినట్టే. ఇంతవరకూ ఆవిడ ఊరికీ మా ఊరికీ గొడవ లేదు. కానీ ఏ గుంటలోనైనా పిక్కలు నాలుగైతే అవి ఆ వరస మనిషివే అని వాళ్ళ ఊరి పద్ధతి. మా ఊళ్ళో అలాంటిదేం లేదు. మొదటిరోజే తన వరసలో నేను వేసిన పిక్కల్ని కూడా నాలుగేసి చొప్పున ఎత్తుకుపోతుంటే పీట తిరగేద్దామన్నంత కోపం వచ్చింది.

"ఇదెక్కడి దోపిడీ అప్పా?"

"ఓలమ్మ, దోపిడీ అంట! మా అమ్మమ్మ ఇలాగే ఆడింది, దానమ్మా ఇలాగే ఆడింది. నీ కోసం మార్చీమంటావేటి?"

నెల్లాళ్ళు కొట్టుకున్నాం దాని మీద. వీధిలో వాళ్ళు ఏదో ఆస్తి తగాదా అనుకున్నారు. ఆఖరికి సోమ, బుధ, శుక్రవారాలు వాళ్ళ ఊరి ఆట, మంగళ, గురు, శనివారాలు మా ఊరి ఆట అని ఒప్పుకున్నాం. ఆదివారం నాకు చర్చి, ఆవిడకి తలంటు. ఈ లోకంలో మేమిద్దరం ఒప్పుకున్న సంగతి అదొక్కటే. కుళాయి దగ్గర ఒప్పుకోలేదు, మురుక్కాలవ దగ్గర ఒప్పుకోలేదు, నా దేవుడి గురించీ ఆవిడ దేవుళ్ళ గురించీ అసలే ఒప్పుకోలేదు. కానీ మూడింటికి పీట వేసేక, నా వరసలో పిక్క నాదీ ఆవిడ వరసలో పిక్క ఆవిడదీ. మనుషులు ఆటలు కనిపెట్టింది సరదాకని చెప్పేవాళ్ళు చెప్పుకోనీ. పక్కింటిదాని జుట్టు పట్టుకోకుండా బతకడానికి కనిపెట్టేరని నా నమ్మకం.

ఎనిమిదేళ్ళు ఆడేం. నేను గెలిస్తే "నీ మొకం మండ, ఏ దెయ్యం పూనిందే నీకు?" అనేది. తను గెలిస్తే పిక్కలు చేటలో పోసి, నా చెవి దగ్గర గలగలలాడించి మరీ లోపలికి పోయేది. ఆ చప్పుడుకి నాకు అన్నం సయించేది కాదు. జ్వరం వచ్చి నేను రెండు రోజులు పడుకుంటే గుమ్మంలోకొచ్చి, "సచ్చేవా, ఉన్నావా? ఓడిపోతానని పడుకున్నావేటి?" అని అరిచి, చారు గిన్నె అక్కడ పెట్టి పోయింది. ఆ చారు కూడా ఉప్పుకషాయం.

కిందటేడు వానాకాలంలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కొడుకు రైల్లో విశాఖ తీసుకెళ్ళి మూడు వారాలకి తీసుకొచ్చేడు. మాట కొంచెం ముద్దగా వచ్చినా తిట్లకి సరిపోయేది. కాలు ఈడుస్తూ నడిచేది. కుడిచెయ్యి మాత్రం ముడుచుకుపోయింది. వేళ్ళకి రోజూ పని చెప్తే తిరిగొస్తాయి, ఈ కొన్ని నెలలే కీలకం, ఇప్పుడు వదిలేస్తే ఇంక రావు అని అక్కడి డాక్టరు చెప్పి, నొక్కడానికి ఒక రబ్బరు బంతి ఇచ్చి పంపేడు. ఆవిడ ఆ బంతిని వీధిలోకి విసిరేసింది. "బంతాడుకోడానికి సిన్నపిల్లనేటి నాను?" అంది.

కొడుకు నా దగ్గరకొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. మూడింటికి అరుగు మీది పీట తీసుకెళ్ళి ఆవిడ మంచం పక్కన పెట్టేను.

"కుడిచేత్తోనే ఆడాలి. ఎడంచెయ్యి కదిపేవంటే ఆట నాదే."

"రాక్షసివే నువ్వు."

"అవును. తియ్యి పిక్కలు."

ఒక్క పిక్క పట్టుకోడానికి ఎంతసేపు పట్టేదో. వేలు దగ్గరకి రాదు, వచ్చినా నిలవదు. చెమటలు కారేవి. నేను కదిలేదాన్ని కాదు. నా వంతు రాగానే చకచకా ఆడి దొరికినవన్నీ ఊడ్చుకునేదాన్ని. రోజూ ఓడించేను. రోజూ తిట్టింది. తిడుతూ తిడుతూ రెండు నెలలకి బొటనవేలూ చూపుడువేలూ కలిపి పిక్కని ఎత్తింది. నాలుగో నెలకి గుప్పిట్లో నాలుగు పిక్కలు నిలిచేవి.

"సిస్టర్, ఒక్కరోజు మీరు ఓడిపోకూడదా? మా అమ్మ సంతోషిస్తాది కదా" అని కొడుకు బతిమాలేడు.

"మీ అమ్మకి సంతోషం కావాలా, చెయ్యి కావాలా?" అని కసిరేను. ఎంత గొప్పగా కసిరేనో!

తరవాత ఒక గురువారం. ఆడుతుండగా ఒంటేలు ఆగక ఆవిడ చీర తడిసింది. ఆవిడకి తెలిసింది, నాకు తెలిసిందనీ ఆవిడకి తెలిసింది. పిక్కలు వేస్తూనే ఉంది. పెదవి పక్కనుంచి చొంగ కారుతోంది. వేళ్ళలోంచి జారి ఒక పిక్క కింద పడింది. నేను వంగి తీసి ఆవిడ గుంటలో వేసేను. అంతవరకూ ఒక్కనాడూ అలా తీసివ్వలేదు. నా వంతు వచ్చింది. నా వరసలో మూడో గుంట తీస్తే ఆవిడ వైపు పదకొండు పిక్కలు నావి. చిన్నపిల్ల కూడా చూడగలిగిన ఎత్తు అది. నేను అయిదో గుంట తీసేను.

ముప్పయ్యేళ్ళు వార్డులో మంచాల మధ్య తిరిగిన చెయ్యి. రోగిని చూస్తే దాని పని అది చేసుకుపోతుంది. తెలిసే చేసేనా తెలియక చేసేనా అని నన్ను నేను చాలాసార్లు అడిగేను. తెలిసే చేసేను.

ఆవిడ పీట వంక చూసింది. పెదాలు కదిపి లెక్కపెట్టుకుంది. నా మూడో గుంట చూసింది, తన పదకొండు చూసింది, తరవాత నా మొహం చూసింది. తిడుతుందని కాచుకున్నాను. పీట ఎత్తి నా నెత్తిన కొట్టినా బాగుణ్ణు.

"సాల్లెండమ్మా. అలిసిపోయేను" అంది. "మీరు మంచోరు."

ఎనిమిదేళ్ళలో నన్ను మీరు అనడం అదే మొదలు.

మర్నాడు వెళ్తే, "రండి నర్సమ్మ గోరూ, కూకోండి" అని కొడుకుని పిలిచి టీ పెట్టమంది. పీట వేసేను. చెయ్యి చాపలేదు. ముసిల్దానా అన్నాను, పిరికిదానివన్నాను, ఓటమి తట్టుకోలేక నాటకాలాడుతున్నావన్నాను. పెద్దాసుపత్రికి వచ్చిన పల్లెటూరి పేషెంటు నర్సు ముందు తలూపినట్టు, అన్నిటికీ "అవునమ్మా" అని తలూపింది. నాలుగు రోజులు అదే వరస. అయిదో రోజు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేసేయి. ఇద్దరి వంతులూ నేనే ఆడేను. ఆవిడ కళ్ళముందే ఆవిడ వరసలో గుంటలన్నీ దోచేను. వంతు లేదు, పద్ధతి లేదు, పచ్చి దొంగతనం. గుప్పిళ్ళతో పిక్కలు తీసి నా ఒళ్ళో పోసుకున్నాను. ఏదీ, ఇప్పుడైనా నా చెయ్యి పట్టుకో, దొంగముండా అను, ఆ వేళ్ళు ఒక్కసారి చాపు అని లోపల్లోపల అరుస్తూనే ఉన్నాను.

ఆవిడ కుడిచెయ్యి ఒళ్ళో ముడుచుకునే ఉంది.

"తీసుకోండమ్మా, మీకెన్ని కావాలంటే అన్ని" అంది.